జపానుదేశపు మర్యాదలు: తెలియని యతిథియు, చెప్పని గృహస్థుడును

పరదేశపు వింతలను వినుట యందరికిని వేడుకయే. కాని విని నవ్వుకొనుటకు మాత్రమే యైనచో మేమీ నెల కలము పట్టవలసిన పనిలేదు. జపానుదేశమునకు 2024 సంవత్సరమున 3 కోట్ల 68 లక్షలకు మించిన విదేశీయులు వచ్చిరి. ఆ దేశపు జనసంఖ్య 12 కోట్లకు పైబడినది. లెక్క చూచినచో నలుగురున్న సంసారమునకు ఏటికి ఒకరికి తక్కువ గాకుండ నతిథులు వచ్చినట్లయ్యెను. ఇందరు వచ్చిపోవుచోట మర్యాదల తగవులు పుట్టక మానవు. మన తెలుగువారును ఉద్యోగములకై యచ్చటికి పోయి కాపురములు పెట్టుచున్నారు. టోక్యో నగరమున ఎదొగావా పేటలోని నిషికసాయి యను తావున భారతీయ కుటుంబములు పెక్కు కలవు. కావున నీ విషయము మన యింటి విషయము గూడ నైనది.

జపానీయులకు మర్యాదలు లెక్కకు మిక్కిలి. వానిని వ్రాసి వాకిట కట్టిన వారు లేరు. పుట్టినది మొదలు తల్లిని జూచి బిడ్డ నేర్చుకొనును. పరదేశి కవి తెలియవు, తెలిసినవారు చెప్పరు. ఎదుటివాని తప్పును ముఖముమీద చెప్పుటయే అచ్చట పెద్ద తప్పు. ఇందుండియే చిక్కంతయు పుట్టుచున్నది.

మొదట గడపయొద్దనే చూతము. జపానీయుల యింట అడుగు పెట్టగనే గెంకాన్ అను చిన్న తావు కలదు. దానిని దాటిన పిమ్మట నొక మెట్టు ఎత్తుగా నుండును. మెట్టునకు క్రిందనే పాదరక్షలు విడిచి, వాని కొనలు వాకిలివైపునకు త్రిప్పి యుంచవలెను. చెప్పులు విడుచుట మనకు క్రొత్తగాదు గాని, యచ్చట నంతటితో ముగియదు. నడవలో తిరుగుటకు వేఱు చెప్పులిత్తురు. తతామి యను చాపలు పఱచిన గదిలోనికి పోవునప్పుడు వానినిగూడ విడువవలెను. మఱుగుదొడ్డిలో మఱియొక జోడుండును. దానిని అచ్చటనే తొడిగి అచ్చటనే విడువవలెను. మఱచి యా జోడుతోనే చాపలమీదికి వచ్చు పరదేశిని జూచి యింటివారు లోలోపల నులికిపడుదురు, పైకి చిఱునవ్వుతోనే యుందురు. మడిబట్ట వేఱు, మైలబట్ట వేఱని యెఱిగిన మన పెద్దముత్తైదువలకు ఈ భేదము చెప్పినంతనే తెలియును. ఏ తావు శుచి ఆ తావునకు వేఱు, అంతియే.

స్నానమును అట్టిదే. తొట్టిలోని వేడినీరు ఒడలి మురికి కడుగుకొనుటకు గాదు. తొట్టివెలుపల కూర్చుండి, సబ్బుతో తోముకొని, శుభ్రముగా నీళ్లుపోసికొనిన పిమ్మట, అలసట తీర్చుకొనుటకై యందు దిగవలెను. ఇంటిల్లిపాదియు నొకరి తరువాత నొకరు ఆ నీటిలోనే దిగుదురు. పరదేశి తెలియక తొట్టిలో సబ్బు కలిపినచో, తరువాతి వారికెవ్వరికిని నీరు పనికిరాదు.

భోజనపు మర్యాదలలో మనకు వెంటనే బోధపడునవి కొన్ని కలవు. వారు హషి యను రెండు పుల్లలతో భుజింతురు. అన్నపు గిన్నెలో ఆ పుల్లలను నిలువుగా గ్రుచ్చరాదు. చనిపోయినవారికి పెట్టు అన్నమున నట్లు గ్రుచ్చుదురు. ఒకరి పుల్లలనుండి మఱియొకరి పుల్లలకు పదార్థమును అందీయరాదు. శవదహనమైన పిమ్మట బంధువులు ఎముకలను పుల్లలతో నేరి కొందఱొకరినుండి యొకరికి అట్లందింతురు. మన యస్థిసంచయనము వంటిదే యది. పరుండునప్పుడు ఉత్తరమునకు తల పెట్టరాదని మనవలెనే వారును చెప్పుదురు. శవము నట్లు పరుండబెట్టుదురు గావున. కిమోనో ధరించునప్పుడు ఎడమవైపు అంచు కుడివైపు దానిపైకి రావలెను. తాఱుమాఱుగా కట్టుట శవమునకు మాత్రమే. క్యోటో నగరమున కిమోనోలను అద్దెకు గైకొని ముచ్చటపడి తామే చుట్టుకొనిన పరదేశపు పడుచులు తెలియక యీ తప్పు చేయుచుందురు. చావునకు సంబంధించినది శుభవేళలకు రానీయకుండుట మన యిండ్లలోను కలదు గావున, ఇట్టి నియమములను విని మనము నవ్వజాలము.

మఱికొన్ని మర్యాదలు మనకు తలక్రిందులుగా తోచును. గోధుమ సేవెల పులుసును చప్పుడు చేయుచు జుఱ్ఱుట యచ్చట తప్పుగాదు. నలుగురిలో ముక్కు చీదుట మాత్రము మోటు. గిన్నెను చేతికెత్తుకొని భుజించుట మర్యాద. విందులో పానీయమును తన పాత్రలో తానే పోసికొనరు. ప్రక్కవారికి పోసినచో, వారు తిరిగి మనకు పోయుదురు. వడ్డించిన దానిని మిగుల్చుట యింటియామె మనస్సునకు కష్టము. శాకాహారులైన మనవారు ముందుగానే మాట చెప్పియుంచవలెను. చూపునకు కేవలము కూరగాయల పులుసే యైనను, అందు దాషి యను చారునీరు తఱచుగా ఎండుచేపతో కాచినదై యుండును. వడ్డించిన పిమ్మట వలదనుటకంటె, పిలిచిననాడే వినయముతో చెప్పుట యుభయులకును మేలు.

ఇన్ని భేదముల నడుమ మనసునకు దగ్గఱగా తోచిన దొక్కటి కలదు. ఇల్లు వెడలునప్పుడు జపానీయులు "ఇత్తె కిమాసు" అందురు. "వెళ్లి వచ్చెదను" అని దాని యర్థము. ఇంటనున్నవారు "ఇత్తెరష్షాయి", అనగా "వెళ్లి రమ్ము" అందురు. పోయెదనని యనరాదు, పోయివచ్చెదనని యనవలెనని మన పెద్దలు పిల్లలకు నేర్పినదే యిది. భోజనము ముగిసిన పిమ్మట "గొచిసోసమా" యని యింటియామెకు కృతజ్ఞత తెలుపుదురు. అందలి "చిసో" యను మాటకు "పరుగులిడుట" యని మూలార్థము. అతిథి కొఱకు ఆమె యిటునటు పరుగెత్తి పదార్థములను సమకూర్చిన శ్రమకు అది మ్రొక్కు. వంటయింటి కష్టమును ఎఱిగిన యే స్త్రీకిని ఆ మాట వినుటకు సంతోషముగానే యుండును.

ఇక వీధి మర్యాదలు. వీనికన్నింటికిని మూలమొక్కటియే: ఒకరివలన మఱియొకరికి ఇబ్బంది కలుగరాదు. ఆ యిబ్బందిని వారు "మెయివాకు" అందురు. రైలులో సెల్‌ఫోనున మాటలాడరు. వీపునకు తగిలించుకొను సంచిని రద్దీవేళ ముందువైపునకు త్రిప్పుకొందురు. కొన్ని మార్గములలో ఉదయమున స్త్రీలకు మాత్రమే యొక పెట్టెను కేటాయింతురు. పరదేశపు పురుషులు తెలియక యందెక్కి, అందఱును తమవైపు చూచుచున్నారేమని విస్తుపోవుదురు. టోక్యోలో 1995 మార్చి 20వ తేదీన భూగర్భపు రైళ్లలో విషవాయువు వదలి కొందఱిని చంపిన దుర్మార్గము జరిగిన పిమ్మట బహిరంగస్థలములలో చెత్తతొట్లను చాలవఱకు తీసివేసిరి. నాటినుండి జపానీయులు తమ చెత్తను సంచిలో నింటికి తీసికొనిపోవుట యలవాటు చేసికొనిరి. క్రొత్తగా వచ్చినవాడు చేతిలోని కాగితపు గ్లాసుతో వీధులన్నియు తిరిగి, తుదకు నేదో గోడమూలను పెట్టి పోవును. వాడు శుభ్రత యెఱుగనివాడని స్థానికు డనుకొనును. తొట్టియైన లేని యూరేమి యూరని వాడనుకొనును. నడుమనున్న కారణము నొకరికొకరు చెప్పుకొనరు.

ఆ దేశమున కాపురముండువారికి చెత్త సంగతి మఱింత ముఖ్యము. కాలునది వేఱు, కాలనిది వేఱు, సీసాలు వేఱు. ఒక్కొక్కదానికి వారములో నొక్కొక్క దినము. దినము తప్పి యుంచిన సంచిని బండివారు తీసికొనిపోక, దానిపై చీటి యంటించి యచ్చటనే విడిచిపోవుదురు. ప్రక్కయింటివారు నోటితో నేమియు ననరు. పదిదినములకు ఇంటి యజమాని నుండియో, భవనపు కార్యాలయము నుండియో జాబు వచ్చును. మన పడుచులు దానిని జూచి, "నిన్నటి వఱకు నవ్వుచు పలుకరించినవారే యిట్లు చాటున ఫిర్యాదు చేసిరా!" యని నొచ్చుకొందురు. జపానీయుల దృష్టిలో అది చాటుమాటు గాదు. ముఖాముఖి తగవు రాకుండ కాపాడుకొను మార్గము. పూర్వాచారము ప్రకారము, క్రొత్తయింట దిగినవారు ఎదుటి మూడిండ్లకును ఇరుప్రక్కల రెండిండ్లకును చిన్న కానుకతో పోయి పలుకరించి రావలెను. ఒక తువాలయో, మిఠాయిపెట్టెయో చాలును. ఆ దినముననే "మేము క్రొత్తవారము, తెలియనివి చెప్పుడు" అని యడిగినచో, తరువాతి జాబులు సగము తగ్గును.

వారి "కాదు" అను మాటగూడ మనకు తెలియరాదు. ఏదేని కోరినప్పుడు, "చొత్తొ..." యని సాగదీసి యూరకున్నచో, "కొంచెము" అని దాని యర్థమైనను, కుదురదని దాని భావము. ఎదుటివాడు ఆ మిగిలినదానిని తానే గ్రహించి తగ్గవలెను. క్యోటోవారిని గూర్చి తక్కిన జపానీయులే యొక హాస్యకథ చెప్పుదురు. అతిథి యెంతకును లేవకున్నచో ఇంటియామె, "బుబుజుకె పుచ్చుకొందురా?" అని యడుగునట. బుబుజుకె యనగా తేనీరు పోసిన యన్నము. అది పిలుపు గాదు, ఇక దయచేయుడను సూచన. అతిథి నిజమనుకొని సరేయన్నచో, వాడు మొద్దు! స్వదేశీయులకే బోధపడని దానిని సముద్రములు దాటి వచ్చినవా డెట్లు గ్రహింపగలడు?

ఈ చిక్కు నేటిది గాదు. లూయీస్ ఫ్రోయిస్ అను పోర్చుగీసు మతాచార్యుడు 1563లో జపానున దిగి, 1585లో ఐరోపావారి యాచారములకును జపానీయుల యాచారములకును గల భేదములను ప్రక్కప్రక్కన పేర్చి యొక గ్రంథము వ్రాసెను. ఐరోపావారము చేతితో భుజింతుము, జపానీయులు పసితనమునుండి పుల్లలతో భుజింతురని యందు గలదు. చేతితో తినుట మోటని మనలను నవ్విన ఐరోపావారే నాలుగు శతాబ్దముల క్రిందట అట్లు భుజించిరి! ఆ కాలముననే 1579లో వచ్చిన వాలిన్యానో యను ఇటలీ మతపెద్ద తనవారందఱును జపానీయుల మర్యాదలను నేర్చి, వారి శుభ్రతను పాటించి, వచ్చినవారికి వారి పద్ధతినే తేనీరిచ్చి యాదరింపవలెనని నియమము చేసెను. వచ్చినవాడే నేర్చుకొనవలెనని యతడు తలచెను.

పిమ్మట 1878లో ఇసబెల్లా బర్డ్ అను ఆంగ్లేయ స్త్రీ, ఇతో యను పడుచువానిని దుబాసిగా గైకొని, పాశ్చాత్యులు పోని ఉత్తరజపాను పల్లెలలో తిరిగెను. తన చెల్లెలికి వ్రాసిన జాబులను కూర్చి 1880లో గ్రంథముగా ప్రకటించెను. సత్రములలో ఆమె గదికి గోడలు కాగితపు తెరలు. ఆ కాగితమునకు రంధ్రములు. ప్రతిరంధ్రమున నొక మనుష్యుని కన్ను! ఊరూరను జనులు గుంపులుగా వచ్చి యామెను చూచుచు నిలువబడిరి. వారెవ్వరును దుష్టులు గారు. తెల్లజాతి స్త్రీని ఎన్నడును జూడని పల్లెవారు. ఆమెకు మాత్రము బట్ట మార్చుకొనుటకైన చాటు లేకపోయెను.

నేడు కన్నులు తాఱుమారైనవి. క్యోటోలోని గియోన్ పేట గెయికోలకును మైకోలకును నిలయము. వారు నృత్యగీతములు నేర్చిన కళావతులు. సాయంకాలమున పనికి పోవు ఆ స్త్రీలను పర్యాటకులు వెంబడించి, దారికడ్డము నిలిచి, చీరకొంగు వంటి కిమోనో చేతిని పట్టిలాగి ఛాయాచిత్రములు తీసిరి. పేటవారు తమ సొంతదారులలో చిత్రములు తీయరాదనియు, తీసినచో 10,000 యెన్‌ల జుల్మానా యనియు 2019లో పలకలు కట్టిరి. అంతటితో నాగలేదు. 2024లో ఆ సందులలోనికి పర్యాటకులు రానేరాదని నిషేధించిరి.

అదే 2024 మే నెలలో ఫుజి పర్వతము క్రింది ఫుజికవగుచికొ యను పట్టణమున మఱియొకటి జరిగెను. అచ్చట నొక అంగడికి వెనుక పర్వతము చక్కగా కనుపించును. ఆ చిత్రము కొఱకు పరదేశీయులు గుంపులుగా చేరి, రాకపోకలు జూడక వీధిని దాటుచు, ఎదుటనున్న దంతవైద్యుని యావరణలో చొరబడుచు, చెత్త విడిచిపోవుచుండిరి. పట్టణమువారు విసిగి, 2.5 మీటర్ల యెత్తు, 20 మీటర్ల పొడవు గల నల్లని తెరను కట్టి పర్వతమునే మఱుగుపఱచిరి. కొలది దినములలోనే యెవరో యా తెరకు ఛాయాచిత్రయంత్రపు కన్ను పట్టునంత రంధ్రములు పొడిచిరి. ఆగస్టున తుపాను భయముచే తెరను దింపి, మరల కట్టలేదు. నాడు బర్డ్ దొరసాని గదికి రంధ్రములు పొడిచినవారు స్థానికులు. నేడు పొడిచినవారు అతిథులు. కుతూహల మెవ్వరిదైనను, ఎదుటివాడు మనిషియని మఱచినప్పుడు ఫలమొక్కటియే.

గృహస్థు మౌనమువలన గలుగు కీడును చెప్పకున్న మా మాట సగమే యగును. ఉత్తరద్వీపమున ఒతారు నగరమున, ఓడలపై వచ్చిన రుష్యా నావికులు కొందఱు వేడినీటి స్నానశాలలలో త్రాగి యల్లరి చేసిరి, నీటిలో సబ్బు కలిపిరి. స్నానశాల యజమానుడొకడు తప్పు చేసినవారిని వారించుటకు మాఱు, విదేశీయులెవ్వరును రాగూడదని పలక కట్టెను. జపాను పౌరసత్వము పొందిన యొక పాశ్చాత్యుని సైతము ముఖము చూచి త్రిప్పిపంపెను. వ్యాజ్యము జరుగగా 2002 నవంబరున సప్పొరో జిల్లా న్యాయస్థానము అది జాతివివక్షయే యని తీర్పు చెప్పి, మువ్వురు వాదులకు 30 లక్షల యెన్‌లు పరిహారమిప్పించెను. పదిమంది చేసిన తప్పునకు పదికోట్లమందికి తలుపు మూయుట మర్యాద గాదు గదా! నియమము నొక కాగితముమీద వారికి తెలిసిన భాషలో వ్రాసి చూపినచో, చాలవఱకు తీరిపోవు తగవది.

సోదరీమణులారా! మనకీ సంగతి పుస్తకములవలన తెలియవలసిన పనిలేదు. అత్తవారింట అడుగుపెట్టిన క్రొత్తకోడలిని తలచుకొనుడు. ఆ యింట ఉప్పు ఏ జాడీలో నుండునో, మామగారు ఎన్ని గంటలకు కాఫీ పుచ్చుకొందురో, ఏ గిన్నె మడిదో ఆమెకు తెలియదు. చెప్పినవారు లేరు. తప్పు చేసిన నాడు, "పుట్టింట నేర్పలేదు కాబోలు!" అను మాట మాత్రము వినబడును. మొదటి దినమున మెల్లగా చెప్పినచో అయిదు నిమిషముల పని. చెప్పక మనసులో దాచినచో అయిదేండ్ల యెడబాటు. భారతమున మయసభకు వచ్చిన దుర్యోధనుడు నీటిని నేలయనుకొని పడెను. ఇట నీరున్నదని యొక్కరైన ముందుగా చెప్పలేదు. పడిన పిమ్మట నవ్విరి. ఆ నవ్వు ఎంతదూరము పోయినదో మనమెఱుగనిది గాదు.

కావున జపానుకు పోవువారికి మేము చెప్పునది యిది. నియమములన్నియు కంఠస్థము చేయ నక్కఱలేదు. వారిలోనే భేదములు కలవు. కదిలెడి మెట్లపై టోక్యోవారు ఎడమప్రక్క నిలువబడుదురు, ఒసాకావారు కుడిప్రక్క నిలువబడుదురు. కాలమునుబట్టి నియమములును మాఱుచున్నవి; సైతామా మండలమున ఆ మెట్లపై నడువక నిలిచియే పోవలెనని 2021 అక్టోబరునుండి శాసనమే చేసిరి. ఒక క్షణమాగి, ముందున్నవా డేమి చేయుచున్నాడో చూడుడు. తెలియనిచో "సుమిమాసెన్" అని పలికి యడుగుడు. ఆ యొక్కమాట క్షమాపణమునకును, పిలుపునకును, కృతజ్ఞతకును పనికివచ్చును. అడిగినవారిని జపానీయులు చిన్నచూపు చూడరు. పరదేశి యడిగిన నాడు, వారించుట యను మొరటుపని తప్పినందుకు వారే యూఱట చెందుదురు.

ఇక నింటనుండి యితరులను ఆదరించు మనకు చెప్పుకొనవలసినది వేఱొకటి. మన యిండ్లకును పరదేశీయులు వచ్చుచున్నారు, పరభాషల కోడండ్రు వచ్చుచున్నారు. వారు చెప్పులతో వంటయింటిలోనికి వచ్చినచో, ఎడమచేత ప్రసాదము నందుకొనినచో, వారు పోయిన పిమ్మట చెప్పుకొని నవ్వుట యతిథిపూజ గాదు. అతిథిని దేవుడనుకొనుట మంచిదే. కాని యా దేవుడు మన యింటి యాచారము తెలిసి రాలేదని గుర్తుంచుకొని, వాకిటనే నవ్వుముఖముతో చెప్పుట యింకను మంచిది.

మా చదువరులలో జపానున కాపురముండి వచ్చినవారును, బిడ్డలు అచ్చటనున్నవారును తమకు తెలిసిన సంగతులను మాకు వ్రాసి పంపవలెనని కోరుచున్నాము. ముఖ్యముగా, అచ్చటివారు తమకు నోటితో చెప్పి నేర్పిన దేదియైన నున్నచో దానిని తప్పక వ్రాయుడు. క్రొత్తగా పయనమగు పడుచులకు మా యీ పుటకంటె నట్టి జాబులే యెక్కువ యుపకరించును.